పరదేశమున వైద్యరక్షణ – స్వదేశమున సరిచేసికొనవలసిన కాగితములు

(యానాములో జరిగిన సంఘ సమావేశమున ఒక వర్తక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠము)



దేశాంతరము పోవు మనవారి ఆరోగ్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు నన్ను కోరినప్పుడు, ‘ఇది వైద్యుడు చెప్పవలసిన విషయము గదా, బియ్యపు వర్తకునకేల?’ అని మొదట వెనుకాడితిని. తరువాత ఆలోచింపగా ఇది మందుల విషయము కాదనియు, కాగితముల విషయమనియు తోచినది. కాగితములలో దెబ్బతిన్నవాడను గనుక మాటలాడుటకు నాకును కొంత అర్హత కలదనుకొని లేచితిని.

మన యింటినుండి ఒక బిడ్డ పారిస్ నగరమునకు ప్రయాణమగుచున్నదన్న, నెల దినములు ముందునుండియే ఇల్లంతయు సందడి. ఆవకాయ జాడీకి మూత బిగించువారొకరు, పెట్టె బరువు తూచుటకు మా అంగడి కాటా తెప్పించువారొకరు, వీసా కాగితమును పదిమార్లు విప్పి చూచువారు మరియొకరు. ‘అచ్చటికి పోయిన పిమ్మట జబ్బు చేసినయెడల సంగతి యేమి? ఆ దేశపు వైద్యరక్షణలో పేరెట్లు నమోదు చేయించుకొందురు? దానికి ఏ పత్రములు కావలెను?’ అని అడిగినవారిని నేను చూచినది తక్కువ. అడుగనివారిలో నేనే మొదటివాడను.

ఫ్రాన్సు దేశముతో మన యానామునకు గల సంబంధము మీకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. అయినను ఈ ప్రసంగము మన పత్రికలో అచ్చుపడి బరంపురము, షోలాపురము, హోసూరు, బెంగళూరులలోని మనవారి కంటబడును గనుక రెండు ముక్కలు చెప్పెదను. 1954 నవంబరు 1న ఈ ఊరి పరిపాలన భారతదేశమునకు అప్పగింపబడినది. 1956 మే 28న సంతకములైన ఒప్పందము 1962 ఆగస్టు 16న అమలులోనికి వచ్చినది. అప్పుడిచ్చిన ఆరు నెలల గడువులో కొందరు ఫ్రెంచి జాతీయతనే ఉంచుకొందుమని వ్రాతపూర్వకముగా కోరుకొనిరి. వారి సంతతివారును, ఆ యిండ్లకు కోడండ్రుగా, అల్లుండ్రుగా పోయినవారును నేటికిని ఆ దేశమునకు తరలుచున్నారు. వీరుగాక, చదువునకును ఉద్యోగమునకును పోవువారు వేరు. తాతలు ఫ్రెంచి భాషలో దస్తావేజులు వ్రాసిరి. మనుమలు ఆ భాషలోని ఒక దరఖాస్తును చూచి తెల్లబోవుచున్నారు. ఇది మన స్థితి.

ఆ దేశమున 1945 అక్టోబరులో ‘సెక్యూరితె సొసియాల్’ అను సామాజిక రక్షణ వ్యవస్థ ఏర్పడినది. యుద్ధము ముగిసి ఇంకను ఆరు నెలలు కాలేదు, ఊళ్లు కూలియున్నవి, అట్టి సమయమున వారు దీనిని తలపెట్టిరి. ఆరంభమున అది ముఖ్యముగా పనిచేయువారికిని, వారిపై ఆధారపడిన కుటుంబములకును ఉద్దేశింపబడినది. 2000 జనవరి నుండి పని లేక ఆ దేశమున స్థిరముగా నివసించువారికిని ఆ తలుపు తెరచిరి. 2016 జనవరి 1 నుండి మరియొక మార్పు వచ్చినది. ఆ దేశమున పనిచేయు ప్రతివారికిని, పని లేకున్నను చట్టబద్ధముగా స్థిరనివాసము గల ప్రతివారికిని వైద్యవ్యయముల రక్షణ వారివారి స్వంత పేరనే లభించును. ఈ లెక్కలు చూచుటకు ప్రాంతమునకొక కార్యాలయము కలదు. దానిని వారు ‘కేస్ ప్రిమేర్’ అందురు. నేను నిధి కార్యాలయమనెదను.

నిధి యనుటకు కారణము కలదు. మన పెద్దలు సరకు అమ్మినప్పుడు బస్తాకింత యని తీసి ధర్మఖాతాలో వేయుచుండిరి. ఎక్కువ బస్తాలు అమ్మినవాడు ఎక్కువ, తక్కువ అమ్మినవాడు తక్కువ. ఆ ఖాతాతో సత్రము నడచెడిది. ఆ సత్రమున బస చేసిన వర్తకుని ఎవరును బిచ్చగాడనలేదు. ఫ్రాన్సు వారి నిధియు ఇట్టిదే. జీతగాండ్రును, యజమానులును, ఆదాయము గలవారును తమ శక్తికొలది చెల్లింతురు. రోగము వచ్చినవాడు అవసరము కొలది పొందును. ఈ చిన్న సంగతి నాకు 2017 లో తెలిసియుండినయెడల మా యింటికి ఆ కష్టము వచ్చియుండెడిది కాదు.

ఆ సంవత్సరమున మా చెల్లెలు పెండ్లియై, అచ్చట ఉద్యోగము చేయుచున్న భర్తవద్దకు పోయినది. మా బావగారు నెమ్మదియైన మనిషి. ‘నిధి కార్యాలయమునకు దరఖాస్తు పెట్టవలెను, జనన పత్రము పంపుడు’ అని నాకు ఒకమారు వ్రాసెను. దానికి నేనిచ్చిన జవాబును ఈనాడు పదిమందిలో చెప్పుటకు సిగ్గగుచున్నది. ‘మనము వ్యాపారస్థులము, ఒకరివద్ద చేయి చాచిన వంశము కాదు. కావలసిన డబ్బు నేను పంపెదను. సర్కారు కచేరీల చుట్టు తిరుగవలదు’ అని చెల్లెలికి చెప్పితిని. తండ్రి లేని పిల్ల. అన్న మాటయే వేదమనుకొన్నది. బావగారు మర్యాదస్థుడు గనుక నన్ను ఎదిరింపలేదు.

ఏడవ నెలలో ఒక రాత్రి ఆమెకు విపరీతమైన కడుపునొప్పి వచ్చినది. పిత్తాశయమున రాళ్లు. ఆసుపత్రివారు ఒక్క నిమిషము ఆలస్యము చేయలేదు, శస్త్రచికిత్స చేసిరి, నాలుగు దినములు బాగుగ చూచిరి. ఆ విషయమున వారికి చేతులెత్తి నమస్కరింపవలసినదే. కాని నాలుగవనాడు మా చెల్లెలు ఫోనులో అన్నమాట నా చెవులలో ఇంకను ఉన్నది. “అన్నయ్యా, ఇక్కడ ప్రతివాళ్లూ నీ నంబరేదమ్మా అని అడుగుతున్నారు. నాకు నంబరు లేదు. నేనిక్కడ ఉన్నట్టే ఎక్కడా రాసిలేదు” అన్నది. తరువాత నెలలో బిల్లు వచ్చినది. అది మా అంగడికి ఒక సంవత్సరమున మిగులు లాభము కంటె ఎక్కువ. డబ్బు నేను పంపెదనని గొప్పలు పలికినవాడను గదా, పంపవలసివచ్చినది. ఒక్కసారిగా పంపలేక, ఆసుపత్రివారిని బ్రతిమాలి, పదునెనిమిది నెలలు వాయిదాలలో తీర్చితిమి. ఆ వాయిదాలు అడిగి పెట్టినది కూడ ఆసుపత్రిలోని ఒక సాంఘిక సహాయకురాలు. రోగులకు కాగితములలో తోడ్పడుటకై అచ్చటి ఆసుపత్రులలో అట్టి ఉద్యోగినులుందురు. వారిని అడుగుటకు సంకోచింపవలదు.

అప్పుడైనను దరఖాస్తు పెట్టుదమనుకొంటిమి. అసలు కథ అక్కడ మొదలైనది. పురపాలక సంఘపు రిజిస్టరులో మా చెల్లెలి పేరు మా నాయనమ్మ పేరు. పురిటినాడు ముచ్చటపడి వ్రాయించినారు. బడిలో చేర్చునప్పుడు మా మేనమామగారు నవీనముగా ఉండవలెనని వేరొక పేరు పెట్టించినారు. పాసుపోర్టులో బడి పేరున్నది. దానికి భర్త ఇంటిపేరు తగిలించియున్నది. అనగా జనన పత్రములోని పిల్లయు, పాసుపోర్టులోని స్త్రీయు, పేరు చూచినను ఇంటిపేరు చూచినను ఇద్దరు వేరువేరు మనుష్యులు. నిధి కార్యాలయము నుండి దరఖాస్తు రెండుమార్లు తిరిగి వచ్చినది. వారిని తప్పుపట్టుటకు నాకు నోరు రాలేదు. నా అంగడికి ఒకడు వేరొకని పేరనున్న హుండీ తెచ్చినయెడల నేను డబ్బిచ్చెదనా? మా అమ్మగారిచేత ప్రమాణపత్రము వ్రాయించి, పాతకాలపు పొరుగువారిని సాక్ష్యమునకు తెచ్చి, రిజిస్టరు దిద్దించి, తక్కిన ముద్రలన్నియు వేయించి పంపునప్పటికి పదునాలుగు నెలలు గడచినవి. ఆ పదునాలుగు నెలలు ఆమె దగ్గు వచ్చినను భయపడెను.

ఇందుచేత ఈనాడు నేను పేరును గూర్చియే ఎక్కువగా మాటలాడెదను, మీరు విసుగుకొనరాదు.

మన జాతి ఎన్ని రాష్ట్రములలో నున్నదో మన పేర్లు అన్ని విధములుగా వ్రాయబడుచున్నవి. ఆంధ్రదేశమున ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు వెనుక. తమిళనాడున తరతరములుగా స్థిరపడిన మనవారిలో అనేకులు ఇంటిపేరును శుభలేఖకు మాత్రమే ఉంచుకొని, కచేరీ కాగితములలో తండ్రి పేరులోని మొదటి అక్షరమును వాడుదురు. పాసుపోర్టు తీసికొనునాడు ఆ అక్షరమును విప్పి తండ్రి పేరునే ఇంటిపేరు గడిలో వ్రాయుదురు. మహారాష్ట్రమున మన నేతవారు అచ్చటి పద్ధతి ననుసరించి తన పేరు, తండ్రి పేరు, ఆపైని ఇంటిపేరు వ్రాయుదురు. ఒరిస్సాలో ఇంటిపేరు చివరకు పోవును. ఇట్లు ఒకే తాతకు పుట్టిన మనుమలు నలుగురు నాలుగు పట్టణములలో పెరిగి, కాగితములలో నాలుగు వంశములవారగుదురు. ఇందు తప్పేమియు లేదు. పొరుగువారితో కలిసి బ్రతుకుటలో ఇది సహజము. కాని ఇది తెలియని పరదేశపు గుమాస్తా యెదుట పడినప్పుడు మనము సంజాయిషీ చెప్పుకొనవలసి వచ్చును.

లిపి చేయు చిత్రములు మరికొన్ని. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరము. గోపాలుని పేరు ఆ లిపిలో వ్రాసి, మరల ఇంగ్లీషులోనికి తెచ్చు గుమాస్తా అజాగ్రత్తగా నున్నయెడల కోపాలుడై వెలువడును. వినుటకు నవ్వు వచ్చును. ఆ ఒక్క అక్షరమునకై ఒక సంవత్సరము తిరిగినవానికి నిజముగానే కోపము వచ్చును.

ఫ్రెంచివారి పద్ధతిలో ముఖ్యముగా తెలిసికొనవలసినది స్త్రీల పేరును గూర్చినది. వివాహమైనను స్త్రీ పుట్టింటి పేరు వారి చట్టము దృష్టిలో మారదు. భర్త ఇంటిపేరు వాడుక పేరు మాత్రమే. వైద్యరక్షణ సంఖ్య యిచ్చునప్పుడు వారు చూచునది పుట్టినప్పటి ఇంటిపేరు. మనవారేమో పెండ్లియైన మరునాడే పాసుపోర్టులో ఇంటిపేరు మార్పించుటకు పరుగులెత్తుదురు. మార్పింపరాదని నేననను. మార్పించినయెడల, మునుపటి పేరు గల పాత పాసుపోర్టును, వివాహ నమోదు పత్రమును భద్రముగా ఉంచి, రెండు పేర్లును ఒకే స్త్రీవని చూపునట్లు చేసికొనవలెను. దరఖాస్తులో పుట్టింటి పేరు అడిగినచోట పుట్టింటి పేరే వ్రాయవలెను.

ఇక పుట్టిన తేది. నేను చదివిన పాఠశాలలో సగముమంది జూన్ 1న పుట్టినవారే! మా ప్రధానోపాధ్యాయులు అంత సులభముగా మమ్ములనందరిని ఒకే దినమున భూమిమీదికి తెచ్చినారు. నా పదవతరగతి పత్రములో నేటికిని ఆ తేదియే యున్నది. మా అమ్మగారి లెక్కప్రకారము నేను కార్తికమాసమున పుట్టితిని. ఊరు కదలని నాకు దానివలన నష్టము లేకపోయినది. దేశము దాటువానికి నష్టమే. ఏలయన అచ్చటి సంఖ్యలోనే పుట్టిన సంవత్సరమును, మాసమును ఇమిడియున్నవి. పదమూడు అంకెలు, వానిని సరిచూచుటకు మరి రెండు. మొదటి అంకె పురుషునకు 1, స్త్రీకి 2. పిమ్మట సంవత్సరమునకు రెండు, మాసమునకు రెండు. విదేశమున పుట్టినవారికి 99, దాని తరువాత దేశపు గుర్తు – భారతదేశమునకు 223. చివరకు వరుస సంఖ్య. ఆ సంఖ్య మనుష్యునకు జీవితాంతము అంటియుండును. తప్పు మాసముతో పుట్టినయెడల తప్పు మాసముతోనే బ్రతుకవలెను, లేదా మార్పించుటకు మరల తిరుగవలెను.

కావున ప్రయాణము నిశ్చయమైననాడే, వీలైనయెడల అంతకు ముందే, జనన పత్రమును తీసి దీపము వెలుగున చదువుడు. అందు బిడ్డ పేరున్నదా? మన ఇండ్లలో బారసాలకు ముందే ఆసుపత్రివారు నమోదు చేయుట వలన, పేరు గడిలో ఏమియు లేక ‘ఆడ శిశువు’ అని మాత్రమే యున్న పత్రములు ఎన్నో నేను చూచితిని. తల్లిదండ్రులిద్దరి పేర్లును ఉన్నవా? ఫ్రాన్సువారు తల్లిదండ్రుల పేర్లు లేని పత్రమును ఒప్పుకొనరు. 1969 నాటి జనన మరణముల నమోదు చట్టములో వీటికన్నిటికిని మార్గములు కలవు. పేరు తరువాత చేర్పించుటకు 14వ సెక్షను, తప్పు దిద్దించుటకు 15వ సెక్షను, అసలు నమోదే కాని పుట్టుకను ఆలస్యముగా నమోదు చేయించుటకు 13వ సెక్షను. పేరు చేర్పించుటకు గడువు కలదు. బిడ్డ పెద్దదియైన కొలది కష్టమెక్కువ. పసిబిడ్డలు గలవారు ఈ వారమే చూచుకొందురు గాక. ఫ్రెంచి జాతీయత గలిగి, తమ పుట్టుకను ఫ్రెంచి రిజిస్టరులలో చేర్పించుకొనినవారికి దారి సుళువు. వారు నాంత్ నగరమున నున్న ఆ దేశపు కేంద్ర జనన వివాహ మరణ నమోదు కార్యాలయము నుండి ప్రతిని రుసుము లేకుండ తెప్పించుకొనవచ్చును.

భారతీయ పత్రమునకు ‘అపోస్టిల్’ అను ముద్ర వేయించుకొనుట మేలు. ఒక దేశపు పత్రము మరియొక దేశమున చెల్లుటకై ఏర్పడిన అంతర్జాతీయ ఒప్పందము ప్రకారము వేయు ముద్ర యిది. భారతదేశమునకు ఆ ఒప్పందము 2005 నుండి వర్తించుచున్నది. ముందు మన ప్రాంతీయ ప్రభుత్వపు అధికారి ధ్రువీకరణము, పిమ్మట విదేశాంగ మంత్రిత్వశాఖవారి ముద్ర. ఆ తరువాతనే ఫ్రెంచి న్యాయస్థానము గుర్తించిన ప్రమాణబద్ధ అనువాదకునిచే ఫ్రెంచి భాషలోనికి మార్పింపవలెను. ముందు అనువాదము చేయించి తరువాత ముద్ర వేయించిన, ఆ ముద్ర అనువాదములో చేరదు. మరల డబ్బు పోయవలెను. నేను ఆ విధముగనే పోసితిని.

ఇప్పుడు మన బిడ్డ విమానము దిగినదనుకొందము. ఉద్యోగమునకు పోయినవారికి పనిలో చేరిననాటినుండియే హక్కు కలుగును. కాని యజమాని జీతపు కాగితము పంపినంత మాత్రమున అంతయు అదియే జరుగునని కూర్చుండరాదు. సంఖ్య లేనివారు తామే నిధి కార్యాలయమునకు వ్రాసికొనవలెను. పని లేనివారు సాధారణముగా మూడు నెలలు ఎడతెగక నివసించినట్లు చూపవలెను. అద్దె రసీదులు, విద్యుచ్ఛక్తి బిల్లులు పనికివచ్చును. బంధువుల ఇంట ఉన్నవారు ‘ఈమె మా యింట ఉన్నది’ అని ఆ యింటివారు వ్రాసి సంతకము చేసిన కాగితమును, వారి చిరునామా నిదర్శనమును జతపరుపవలెను. మొదటి దినము నుండి వచ్చిన ప్రతి కాగితమును దాచుడు. కొన్ని తరగతులవారికి ఈ మూడు నెలల నిరీక్షణము లేదు. తమది ఏ తరగతియో కార్యాలయమున అడుగవలెను. విద్యార్థులకు నిరీక్షణమును లేదు, ప్రత్యేక రుసుమును లేదు. కళాశాలలో చేరిన వెంటనే విద్యార్థులకై ఏర్పరచిన వేరు మార్గమున నమోదు చేసికొనవచ్చును.

ఇచ్చట మన కుటుంబములు పొరబడుచోటు ఒకటి యున్నది. మన దేశమున యజమాని చీటీలో ఇంటిల్లిపాది పేర్లు ఎక్కును గనుక, భర్తకు సంఖ్య యున్న భార్యకు అక్కరలేదనుకొందురు. 2016 మార్పు తరువాత అట్లు కాదు. పదునెనిమిది సంవత్సరములు దాటిన ప్రతి మనుష్యుడును, ప్రతి స్త్రీయు తన పేరనే దరఖాస్తు చేసికొనవలెను. చిన్న పిల్లలు మాత్రము తల్లి పేరనో తండ్రి పేరనో, ఇద్దరి పేరనో చేర్పబడుదురు. నా మట్టుకు ఈ పద్ధతి మేలైనదనియే తోచుచున్నది. ఆడబిడ్డకు ఆమె పేరనే ఒక బ్యాంకు ఖాతా, ఒక సంఖ్య, ఒక కార్డు ఉండుట పుట్టింటివారికి ఎంత ధైర్యమో నేను చెప్పనక్కరలేదు.

మరియొక పొరబాటు ముసలి తల్లిదండ్రుల విషయమున. కొడుకును చూచిరావలెనని తొంబది దినముల లోపు వీసాపై పోవు తల్లిదండ్రులు ఈ నిధికి చెందరు. కొడుకు కార్డు తండ్రికి పనికిరాదు. వారు బయలుదేరునప్పుడే ప్రయాణ బీమా తీసికొనవలెను. ఆ వీసాకు 30,000 యూరోలకు తక్కువకాని బీమా ఉండవలెనన్న నియమము ఎటులను కలదు. దానిని వీసా కొరకు చూపు కాగితమనుకొని, అన్నిటికంటె చౌకది కొని, లోపలి షరతులు చదువక పోవువారిని చూచుచున్నాను. మునుపటి రోగములకు అందు రక్షణ కలదా, లేదా యన్నది చదువవలసిన మొదటి వాక్యము. మధుమేహము, రక్తపోటు లేని పెద్దలు మనలో ఎందరున్నారు?

దరఖాస్తు అందిన పిమ్మట మొదట తాత్కాలిక సంఖ్య రావచ్చును. అది చిన్నచూపు చూడదగినది కాదు. హక్కు తెరచినట్లు నిధివారిచ్చు ధ్రువపత్రము దానితో లభించును, ఖర్చులు తిరిగి పొందవచ్చును. అసలు సంఖ్య వచ్చిన తరువాత ఫొటో పంపి ‘కార్త్ వితాల్’ అను ఆకుపచ్చ కార్డును తెప్పించుకొనవలెను. 1998 నుండి అది వాడుకలో నున్నది. కార్డు లేని దినములలో వైద్యునివద్ద డబ్బు చెల్లించి ‘ఫెయ్య్ ద్ స్వాఁ’ అను వైద్యపు రసీదు కాగితమును అడిగి తీసికొనవలెను. హక్కు ప్రారంభమైన నాటి తరువాతి చికిత్సయైనయెడల, రెండు సంవత్సరముల లోపల దానిని పంపి సొమ్ము రాబట్టుకొనవచ్చును. ఆ కాగితము పోయినయెడల సొమ్మును పోయినట్లే.

కార్డు వచ్చినదిగదా యని కథ ముగియదు. ఒక వైద్యుని తన ముఖ్య వైద్యునిగా నమోదు చేసికొనవలెను. ‘మెద్‌సాఁ త్రెతాఁ’ అందురు. మన పూర్వపు ఇంటి వైద్యుని వంటివాడు. ఇది చేయనివారి నష్టము లెక్కలో చూపెదను. 2024 డిసెంబరు చివరినుండి సామాన్య వైద్యుని దర్శన రుసుము 30 యూరోలు. నూటికి డెబ్బది చొప్పున నిధి భరించునది 21. అందులో 2024 మే నుండి రోగి వంతుగా 2 యూరోలు మినహాయింతురు. చేతికి వచ్చునది 19. ముఖ్య వైద్యుని నమోదు చేసికొననివారికి నూటికి డెబ్బదికి బదులు ముప్పదియే. మిగిలిన భాగమునకు ‘ముతుయెల్’ అను అనుబంధ బీమా కలదు. ఉద్యోగులకు యజమానులు సగమైనను భరింతురు. ఆదాయము తక్కువైనవారికి 2019 నవంబరు నుండి ప్రభుత్వమే అట్టి అనుబంధ రక్షణను ఉచితముగనో, స్వల్ప చందాతోనో ఇచ్చుచున్నది. దీనికి వేరుగా అడుగవలెను. అడుగనివారికి ఇంటికి తెచ్చి ఈయరు.

మధుమేహమును గూర్చి ఒక్కమాట. కాన్సరు, మధుమేహము వంటి దీర్ఘవ్యాధులను వారు ఒక ప్రత్యేక జాబితాలో చేర్చిరి. ముఖ్య వైద్యుడు వ్రాసి, నిధి వైద్యుడు ఒప్పుకొనినయెడల ఆ వ్యాధికి సంబంధించిన చికిత్సకు నిర్ణీత ధరలమేరకు నూటికి నూరును నిధియే భరించును. కావున ఇచ్చటి వైద్యుల చీటీలు, రక్తపరీక్షల ఫలితములు, మందుల అసలు పేర్లు – అంగడి పేర్లు కాదు – వ్రాయించి తీసికొనిపోవలెను. ఇచ్చటి మాత్ర అచ్చట వేరొక పేరున అమ్ముదురు.

ఇక తిరిగివచ్చు వారికి. సంక్రాంతికి వచ్చి, ఉగాదికి ఉండి, పుష్కరమనియు పెండ్లియనియు ఇచ్చటనే నెలలు గడుపువారు, సంవత్సరమున ఆరు నెలలకు మించి ఆ దేశమున నివసింపనియెడల నివాసముపై ఆధారపడిన హక్కు పోగొట్టుకొనవచ్చునని గుర్తుంచుకొనవలెను. తల్లి చేతి అన్నము రుచియే. లెక్క కూడ చూచుకొనవలెను.

ఫ్రాన్సుకు గాక ఇతర దేశములకు పోవువారు ఇచ్చట కొందరున్నారు. ప్రతి దేశమునకు ఒక పద్ధతి. బ్రిటనుకు ఆరు నెలలకు మించిన వీసాపై పోవువారు వీసాతోపాటే ఆరోగ్యపు రుసుము చెల్లింతురు; 2024 ఫిబ్రవరిలో అది పెద్దలకు సంవత్సరమునకు 1,035 పౌండ్లు, విద్యార్థులకు 776 పౌండ్లు చేసిరి. ఇంత చెల్లించియు, ఊరిలోని వైద్యుని పట్టికలో పేరు చేర్పించుకొనక, జ్వరము వచ్చినప్పుడు వెదకికొనువారే ఎక్కువ. కెనడాలో ఒక్కొక్క రాష్ట్రమునకు ఒక్కొక్క నియమము. ఒంటారియోవారు మూడు నెలల నిరీక్షణమును 2020 మార్చిలో తీసివేసిరి. బ్రిటిష్ కొలంబియాలో చేరిన నెల మిగులు దినములును, ఆపైని రెండు నెలలును ఆగవలెను. ఆ మధ్యకాలమునకు సొంత బీమా తీసికొనవలెను. పోవు రాష్ట్రము పేరు తెలియక ‘కెనడా’ అని మాత్రము అడిగినయెడల జవాబు దొరకదు.

దళారులను గూర్చి చెప్పక తప్పదు. దరఖాస్తు నింపుటకు రెండువందల యూరోలు పుచ్చుకొని, తప్పు గడిలో తప్పు పేరు వ్రాసిన ఒక పెద్దమనిషిని నేనెరుగుదును. పేరు చెప్పను. నిధి కార్యాలయపు దరఖాస్తునకు ఒక కాసు రుసుము లేదు. భాష రాకపోవుటయే మన బలహీనత, వారి పెట్టుబడి. ఈ ఊరిలో ఫ్రెంచి చదువగల పెద్దలు ఇంకను కొందరున్నారు. వారు వారమునకు ఒక గంట ఈ మందిరమున కూర్చుండినయెడల ఆ రెండువందల యూరోలును మిగులును, తప్పులును తగ్గును. ఇద్దరు పెద్దలు నాతో ఇప్పటికే సరేయనిరి. వారి వయస్సు కలిపిన నూట ఏబది దాటును గనుక, పడుచువారు ఎవరైన ప్రక్కన కూర్చుండి వ్రాసిపెట్టవలెను. ఆ పనిలో నాలుగు ఫ్రెంచి ముక్కలును వంటబట్టును.

అటులనే సంఘమున ఒక దస్త్రపు బీరువా కొనుటకు కార్యవర్గము అంగీకరించినది. దేశాంతరమున నున్న ప్రతి కుటుంబమునకు ఒక సంచి. అందు జనన, వివాహ పత్రముల నకళ్లు, పాసుపోర్టు మొదటి పుట నకలు, ఇచ్చట ఎవరికి కబురు చేయవలెనో వారి పేరు. అసలు పత్రములు మాకు వలదు, మీ యింటనే ఉంచుకొనుడు. నకళ్లు సైతము ఆ కుటుంబమువారు వ్రాసి అడిగిననే గాని ఎవరికిని చూపము.

మా చెల్లెలికి 2019 లో కార్డు వచ్చినది. ఆనాడు ఆమె దాని ఫొటో తీసి పంపినది. అందు ఆమె పేరు నాయనమ్మ పేరు కాదు, అత్తవారి పేరు కాదు. మా నాయనగారి ఇంటిపేరు, తన బడి పేరు. మా అమ్మగారు కండ్లజోడు పెట్టుకొని ఆ ఫ్రెంచి అక్షరములను కూడబలుకుకొని చదివినారు.

వచ్చు ఆదివారము ఉదయము తొమ్మిది గంటలకు ఇచ్చటనే మొదటి కూడిక. ప్రయాణమున్నవారును లేనివారును జనన పత్రములు, పదవతరగతి పత్రములు, పాసుపోర్టులు తెచ్చి ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొనవలెను. నేను నా జూన్ 1 పత్రముతో ముందుగనే వచ్చి కూర్చుండెదను. సెలవు.